మూత బిగించిన సీసాలో కాలము చేయు పని

ఇంగ్లండులోను, అమెరికా సంయుక్త రాష్ట్రములలోను ఈ-సిగరెట్టు పీల్చువారిలో ఒక చిన్న తెగ కలదు. అంగడిలో దొరకు ద్రవమును కొనక, దానికి వలయు సరకులను వేరువేరుగా తెప్పించుకొని, వంటయింటి బల్లమీద గ్రాములో నూరవ వంతును చూపు చిన్న త్రాసును పెట్టుకొని, చుక్కచుక్కగా తూచి కలిపి, సీసాపై ఆనాటి తేదీ వ్రాసి, చీకటి అలమారలో దాచి వారములతరబడి కాచుకొనియుండుటయే వారికి వినోదము. కలిపిన ద్రవమును ఇట్లు ఊరబెట్టుటను వారు స్టీపింగ్ అందురు. ఈ విషయమున వారిలో పరంపరగా వచ్చుచున్న ఒక లోకజ్ఞానము కూడ ఉన్నది: మామిడి, పుచ్చ, స్ట్రాబెర్రీ వంటి పండ్ల రుచులు సీసాను కుదిపిన వెంటనే పీల్చదగినవియట, కస్టర్డు, వెనిలా, కేకు, పొగాకు రుచులు మాత్రము రెండు మొదలు ఆరు వారములు ఊరినగాని పాకమునకు రావట. కలిపిన దినమున పదునుగా, మందువాసనతో, ఒకదానితో నొకటి పొసగని నాలుగు రుచులుగా తోచిన ద్రవమే నెల గడచుసరికి గుండ్రనై, మెత్తనై, ఏకరసమై తోచునని వారి సాక్ష్యము. ఒకే అలమారలో, ఒకే చీకటిలో పక్కపక్కనే ఉన్న రెండు సీసాలలో వెనిలాపై పనిచేసిన కాలము మామిడిపై ఏల పనిచేయలేదు? విలాసవస్తువు కదా యని తీసిపారవేయుటకు వీలులేని ప్రశ్న ఇది. భౌతిక రసాయన శాస్త్రములు రెండును కలిసి సమాధానము చెప్పవలసిన ప్రశ్న.

మన దేశమున ఈ వినోదమునకు చోటు లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వెలువడి, అదే సంవత్సరము డిసెంబరులో పార్లమెంటు చట్టమైన నిషేధము ఈ-సిగరెట్ల ఉత్పత్తిని, దిగుమతిని, ఎగుమతిని, రవాణాను, విక్రయమును, పంపిణీని, నిలువను, ప్రకటనను కూడ నేరముగా నిర్ణయించినది. నిలువ తప్ప మిగిలిన నేరములలో మొదటి తప్పునకు ఒక సంవత్సరమువరకు ఖైదు గాని, లక్ష రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. బీడీని, చుట్టను, సిగరెట్టును ఈ చట్టము ముట్టకుండుటలోని విడ్డూరమును గురించి వేరొక వ్యాసము వ్రాయవచ్చును. ఇచ్చట మన పని ఆ సీసాలోనికి రసాయనశాస్త్ర దృష్టితో తొంగిచూచుట మాత్రమే.

సీసాలోని ద్రవమున నూటికి ఎనుబది తొంబది పాళ్ళు రెండే పదార్థములు: గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. వృక్షతైలములనుండి వచ్చినది గనుక మొదటిదానిని వెజిటబుల్ గ్లిసరిన్ అనియు, క్లుప్తముగా వీజీ అనియు, రెండవదానిని పీజీ అనియు వాడుకలో పిలుతురు. గ్లిసరిన్‌ను 1779లో స్వీడను రసాయనజ్ఞుడు కార్ల్ షీలే ఆలివు నూనెను సీసపు భస్మముతో కాచి కనుగొనెను. పీజీని 1859లో ఫ్రాన్సులో ఆడాల్ఫ్ వుర్ట్‌జ్ సిద్ధపరచెను. రెండును ఆల్కహాలు జాతివే. హైడ్రాక్సిల్ అను ఆక్సిజన్-హైడ్రోజన్ జంట పీజీ అణువునందు రెండుచోట్లను, గ్లిసరిన్ అణువునందు మూడుచోట్లను ఉండును. కథ ముందుకు సాగినకొలది ఈ జంటల ప్రాధాన్యము పాఠకులకే బోధపడగలదు. పీజీ 188 డిగ్రీల సెల్సియసు దగ్గర మరగును, పలుచగా పారును, రుచిద్రవ్యములను చక్కగా కరిగించుకొనును. గ్లిసరిన్ 290 డిగ్రీలవరకు మరగదు, చిక్కనిది, తియ్యనిది, దట్టమైన మేఘమువంటి ఆవిరిని పుట్టించుటలో దానిదే పైచేయి. మిల్లీలీటరు పీజీ 1.04 గ్రాములు తూగగా, మిల్లీలీటరు గ్లిసరిన్ 1.26 గ్రాములు తూగును. అందుచేతనే అనుభవశాలులు కొలపాత్రను వదలి త్రాసును నమ్ముదురు. ఈ రెంటికి తోడు నూటికి ఐదు మొదలు పదునైదు పాళ్ళవరకు రుచిసారములును, వలసినచో కొంచెము నికొటిన్‌ను చేరును. ఇట్టి ద్రవమును విద్యుత్తుచే వేడెక్కిన తీగచుట్టపై ఆవిరిగా మార్చి పీల్తురు. పొగకు మారుగా వేడెక్కిన, రుచిగల తడిగాలిని పీల్చు సాధనమునకు 1960ల దశకముననే అమెరికావాడు హెర్బర్టు గిల్బర్టు పేటెంటు పొందియుండెను గాని, అది లోకమునకెక్కలేదు; నేడు మనము చూచుచున్న రూపము చైనాలో హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు 2003 ప్రాంతమున కల్పించినది.

ఊరుటను గూర్చి ఎవరినడిగినను మొదట వచ్చు సమాధానము, రుచులు కలియుటకు కాలము పట్టునని. ఇది సగము నిజము. ఈ సగమును తేల్చుకొనుటకు గ్లిసరిన్ చిక్కదనమును కొంచెము లోతుగా పరిశీలింపవలెను. ఇరువది డిగ్రీల వేడిమిలో నీటి స్నిగ్ధతను ఒకటిగా లెక్కించినచో గ్లిసరిన్ స్నిగ్ధత పదునాలుగు వందలు. ముదురు బెల్లపుపాకములో ఏలకులపొడి వేసి ఒక్కసారి గరిటె త్రిప్పి వదలినచో పొడి ఎట్లు తీగలు తీగలుగా నిలిచిపోవునో, గ్లిసరిన్‌లో పడిన రుచిచుక్కయు అట్లే నిలిచిపోవును. కేంబ్రిడ్జికి చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు జి.ఐ. టేలరు 1960ల దశకమున తీసిన ఒక విద్యాచలనచిత్రములో దీనిని కన్నులకు కట్టినట్లు చూపెను. ఒకదానిలో నొకటి ఇమిడిన రెండు గాజు స్తంభములమధ్య గ్లిసరిన్ నింపి, దానిలో ఒక రంగు చుక్కను నిలిపి, లోపలి స్తంభమును మెల్లగా కొన్ని చుట్లు త్రిప్పినంతనే ఆ చుక్క సాగి, పలుచనై, చూపరులకు పూర్తిగా కలిసిపోయినట్లే కనుపించినది. పిమ్మట స్తంభమును అన్నియే చుట్లు వెనుకకు త్రిప్పగా, మాయమైన చుక్క అంచులు కొంచెము మసకబారి, మరల యథాస్థానమున ప్రత్యక్షమైనది! కలిసినదనుకొన్నది కలియలేదు, సన్నని పొరగా సాగినది మాత్రమే. అంచులలోని ఆ మసకయే నిజమైన కలయిక. అది అణువుల యాదృచ్ఛిక సంచారమువలన, అనగా వ్యాపనమువలన, కలిగినది. దానిని వెనుకకు త్రిప్పగల స్తంభము లేదు.

ఇక ఆ వ్యాపనమునకెంత కాలము పట్టును? లెక్క కష్టమైనది కాదు. రుచిద్రవ్యపు అణువు ఒకటి నీటిలో ఒక మిల్లీమీటరు దూరము వ్యాపించుటకు సుమారు పది నిమిషములు పట్టును. ఐన్‌స్టీను 1905లో చూపినట్లు ద్రవము చిక్కబడినకొలది ఈ సంచారము అదే పాళ్ళలో మందగించును. గ్లిసరిన్ డెబ్బది పాళ్ళును పీజీ ముప్పది పాళ్ళును గల మామూలు మిశ్రమము నీటికన్న మూడు నాలుగు వందల రెట్లు చిక్కనిది గనుక, ఆ పది నిమిషముల పని ఇందులో రెండు మూడు దినములగును. కదపకుండ వదలిన సీసాకు దినములు పట్టుననుటలో ఆశ్చర్యము లేదు. కాని వ్యాపనకాలము దూరముయొక్క వర్గమును అనుసరించునని మరువరాదు. సీసాను గట్టిగా కుదిపి రుచిద్రవ్యపు పొరలను మిల్లీమీటరులో పదియవ వంతునకు పలుచన చేసినచో కాలము పదియవ వంతు కాదు, నూరవ వంతగును; రెండు దినముల పని అరగంటలో ముగియును. పాలు నురగగొట్టు చిన్న యంత్రముతోనో, అయస్కాంతపు కదలికతో త్రిప్పు ప్రయోగశాల సాధనముతోనో కలుపువారికి అంతయు పట్టదు.

ఈ చిన్న లెక్క వలన ఒక పెద్ద సంగతి తేలినది. బాగుగా కుదిపిన సీసాలో కలయిక అనునది మొదటి పూటతోనే సమాప్తము. అటుపిమ్మట మూడు వారములలో, ఆరు వారములలో ఏ మార్పు కనుపించినను అది కలయిక కానేరదు. కొన్ని అణువులు సీసానుండి వెడలిపోయియుండవలెను, లేదా సీసాలోనే కొత్తవి పుట్టియుండవలెను.

వెడలిపోవునవి లేకపోలేదు. రుచిసారములలో కొన్నిటికి పీజీకి మారుగా ఇథైల్ ఆల్కహాలు ఆధారద్రవముగా నుండును. కలిపిన నాటి మందువాసనలో దానికి భాగమున్నది. మూత తీసి సీసాను కొంతసేపు గాలికుంచు ఆచారము దీనిని పోగొట్టుటకై ఏర్పడినదే. కాని ఆల్కహాలుతోపాటు పండ్ల రుచులకు ప్రాణమైన లఘు పరిమళములును ఎగిరిపోవును. అనాసవాసన గల ఇథైల్ బ్యుటిరేటు 120 డిగ్రీల దగ్గరను, అరటివాసన గల ఐసోఎమైల్ ఎసిటేటు 142 డిగ్రీల దగ్గరను మరుగునట్టివి. మరుగకయే గది వేడిమిలో సైతము ఇవి నిరంతరము ఆవిరియగుచుండును. ముక్కునకు వాసన తగులుచున్నదనగా ద్రవమునుండి అంత పరిమళము తరిగినదనియే కదా అర్థము. మూత తీసి రాత్రియెల్ల వదలివేయుట నా దృష్టిలో మేలుకన్న కీడే ఎక్కువ చేయు ఆచారము.

కథలోని అసలు రసము పుట్టువాటిలో ఉన్నది. వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్‌ను 1874లో జర్మనులైన టీమన్, హార్మన్‌లు కృత్రిమముగా సిద్ధపరచిరి. నాటినుండి లోకములోని ఐస్‌క్రీములకు, బిస్కత్తులకు, ఇప్పుడీ ద్రవములకు అదియే ఆధారము. వెనిలిన్ ఆల్డిహైడు అను జాతికి చెందినది. దాల్చినచెక్కకు ఘాటునిచ్చు సిన్నమాల్డిహైడును, బాదము, చెర్రీల వాసన నిచ్చు బెంజాల్డిహైడును, నిమ్మగడ్డి పరిమళమైన సిట్రాలును ఈ జాతివే. ఆల్డిహైడు అణువు కొసన ఒక కార్బన్ పరమాణువు ఆక్సిజన్‌తో రెండు బంధములచే పెనవేసుకొని యుండును. ఆ రెండు బంధములలో ఒకదానిని వదలుకొని ఆల్కహాలుతో చేయి కలుపుటకు అది సర్వదా సంసిద్ధము. ఆల్కహాలేమో చుట్టును సముద్రమువలె ఉన్నది! పీజీలోని ఒక హైడ్రాక్సిల్ మొదట పట్టుకొనును. అణువునందు పక్కనే ఉన్న రెండవ హైడ్రాక్సిల్ పిమ్మట వచ్చి కలియును. ఒక నీటి అణువు విడిపోవును. మూడు కార్బన్‌లు, రెండు ఆక్సిజన్‌లు గల ఒక పంచభుజ వలయము ఏర్పడును. ఈ వలయరూపమునకు ఎసిటాల్ అని పేరు. గ్లిసరిన్‌తో సైతము ఇట్టివే ఏర్పడును. విడిపోయిన నీరు తిరిగి వలయమును త్రెంచుటకు ప్రయత్నించును గనుక ఈ చర్య పూర్తిగా ఒక దిక్కునకు సాగక, ముందునకు వెనుకకు జరుగుచు, కొన్నాళ్ళకు ఒక సమతాస్థితిలో నిలుచును.

అమెరికాలోని యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు 2018లో వెలువరించిన ప్రయోగములలో ఈ ద్రవములలోని రుచి ఆల్డిహైడులలో నూటికి నలువది పాళ్ళవరకు ఇట్లు ఎసిటాల్‌లుగా మారిపోవుట కనుపించినది; ప్రయోగశాలలో కలిపినవాటిలోనే గాక అంగడినుండి కొన్న సీసాలలోను అవి దొరకినవి. సుగంధశిల్పులకు ఈ సంగతి కొత్తది కాదు. ఆల్డిహైడు వాసన పదునైనది, ముక్కునకు ముందుగా తగులునది. దాని ఎసిటాల్ వాసన సాధారణముగా మెత్తనిది, నిదానమైనది. బెంజాల్డిహైడుకును, వెనిలిన్‌కును పీజీతో ఏర్పడు ఎసిటాల్‌లు స్వయముగా రుచిద్రవ్యములుగా అమ్ముడుపోవుచున్నవి కూడ. కావున, కలిపిననాడు పదునుగా నున్న వెనిలా నెలకు గుండ్రనైనదని చెప్పు వారి నాలుక అబద్ధమాడుట లేదనియే నా తీర్పు: పదునైన అణువులలో పెద్ద భాగము మెత్తని అణువులుగా రూపుమార్చుకొన్నవి.

మామిడి సీసా మాట కూడ ఇందులోనే తేలినది. అనాస, అరటి, స్ట్రాబెర్రీ, మామిడి రుచులలో ముఖ్యపాత్ర ఎస్టరులది. ఎస్టరు అనగా ఒక ఆమ్లమును ఒక ఆల్కహాలును ముందే చేయికలిపిన ఫలితము; ఆల్డిహైడువలె చాచిన చేయి దానికి లేదు. చుట్టును ఆల్కహాలు సముద్రమున్నను ఎస్టరులు తమ జంటను మార్చుకొనుట చాల నిదానముగా జరుగును. అందుచే కుదిపిన పూటనే వాటి రుచి స్థిరపడిపోవును. కాలము వాటికి చేయు ఉపకారమేదియు లేదు, కొంత ఆవిరిని ఎగరగొట్టి అపకారము చేయగలదు గాని. ఈ సిద్ధాంతమునకు పరీక్ష కూడ లోకజ్ఞానములోనే ఉన్నది. పండ్లన్నియు వెంటనే పీల్చదగినవైనచో నిమ్మ, చెర్రీ రుచులును అట్లే ఉండవలెను కదా. కాని నిమ్మ కొలది దినములలో వెలవెలబోవుననియు, చెర్రీ మారిపోవుననియు అనుభవజ్ఞులే ఫిర్యాదు చేయుదురు. ఎస్టరులపై గాక సిట్రాల్, బెంజాల్డిహైడులపై నిలిచిన పండ్లు ఇవియే! అపవాదముగా తోచినది నియమమునకు సాక్ష్యమైనది. సిన్నమాల్డిహైడుకు మరియొక దుడుకుతనము కలదు: ఈ-సిగరెట్టులో ద్రవము నిలుపుటకు కొన్ని జాతుల ప్లాస్టిక్కుతో చేసిన తొట్లను అది బీటలు వారజేయును. దాల్చినచెక్క రుచిని ప్రేమించువారు గాజుతొట్టిని వెదకుకొనుట అందుకే.

ఊరిన ద్రవము రంగు మారును. నీళ్ళవలె నున్నది మొదట గడ్డిరంగునకు, పిమ్మట తేనెరంగునకు, తుదకు కషాయపు రంగునకు వచ్చును. గోధుమరంగు వచ్చినచో చక్కగా ఊరినదని కొందరు సంతసింతురు; ఈ సంతసము తొందరపాటు. వెనిలిన్ ముదురుట వలన కొంత రంగు వచ్చుట నిజమే గాని, నికొటిన్ కలిపిన ద్రవములలో చాలవరకు ఆ రంగు నికొటిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడుటకు గుర్తు. 1828లో హైడెల్‌బర్గులో పొసెల్టు, రైమన్‌లు పొగాకునుండి వేరుచేసిన ఈ క్షారము స్వచ్ఛస్థితిలో రంగులేని నూనె. గాలియు వెలుతురును సోకినంతనే పసుపై, గోధుమరంగై, కోటినిన్, నికొటిన్ ఆక్సైడు మొదలైన రూపములలోనికి మారును. అప్పుడు గొంతునకు మిరియపు కారము తగులును. చీకటి అలమార, నిండుగా నింపిన సీసా, బిగువైన మూత అను మూడు నియమములు రుచిని పెంచుటకన్న నికొటిన్‌ను కాపాడుటకే ఎక్కువగా పనికివచ్చును. నికొటిన్ విషయమున రుచికన్న ముందు తలచవలసినది ప్రాణము. ఒక మిల్లీలీటరులో 72 మిల్లీగ్రాములుండు గాఢద్రవము గల పది మిల్లీలీటర్ల బుడ్డిలో 720 మిల్లీగ్రాములు ఇమిడియుండును. ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు చెందిన బెర్న్‌డ్ మేయరు 2014లో పాత లెక్కలను పునఃపరిశీలించి, పెద్దవారికి ప్రాణాంతకమగు మోతాదు అర గ్రామునుండి ఒక గ్రామువరకు ఉండునని అంచనా వేసెను. పసిబిడ్డకు అందులో అత్యల్పభాగమే చాలును. చర్మముగుండ సైతము అది లోనికి పోగలదు. ఐరోపా సమాఖ్య 2016నుండి మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములను, బుడ్డికి పది మిల్లీలీటర్లను మితిగా విధించుటకు కారణములలో ఇదియు నొకటి.

కాలము పొగాకును మెత్తబరచుననుట గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు నేర్పవలసిన పని లేదు. బారనులో వేడిగాలికి పండిన వర్జీనియా ఆకు అదే నెలలో సిగరెట్టు కాదు. తేమ సరిచూచి, కట్టలుగా నొక్కి, సంవత్సరమో అంతకు పైననో గిడ్డంగిలో మాగవేసిన పిదపనే దాని ఘాటు తగ్గును. ఆకులోని చక్కెరలు అమైనో ఆమ్లములతో నిదానముగా కలియుటయు, అమోనియా వెడలిపోవుటయు అందలి రహస్యము. చర్యలు వేరు, అణువులు వేరు. సహనము మాత్రము ఒక్కటే.

సహనము లేనివారు ద్రవమును వేడినీటి గిన్నెలో పెట్టుదురు, శ్రవణాతీత ధ్వనితో నగలు కడుగు యంత్రములో ఉంచుదురు. వేడిమి పది డిగ్రీలు హెచ్చినపుడు రసాయనచర్యల వేగము సుమారు రెండింతలగునని ఒక స్థూలనియమము కలదు. ఆ లెక్కన ఇరువది డిగ్రీలనుండి అరువదికి పోయినచో వేగము పదునారింతలై, మూడు వారముల పని ఒకటిన్నర దినములోపే జరుగవలెను. గ్లిసరిన్ కూడ అరువది డిగ్రీలలో పదునేడు రెట్లు పలుచనై కలయికకు తోడ్పడును. లెక్క బాగుగనే ఉన్నది. చిక్కెక్కడ వచ్చుననగా, వేడిమికి పక్షపాతము లేదు: మనకు వలసిన చర్యతోపాటు నికొటిన్ చెడుటను, పరిమళములు ఎగిరిపోవుటను, మనము పేరైనను తలపని మరి పది చర్యలను కూడ అది త్వరపరచును. ధ్వనియంత్రము చేయునది బాగుగా కుదుపుట, కొంచెము వేడెక్కించుట. అంతకు మించిన మహిమ దానికి నేను ఆపాదింపజాలను.

నాలుకను కూడ కొంచెము శంకింపవలసియున్నది. ఒకే వాసనను రోజుల తరబడి పీల్చినవానికి అది తెలియకపోవుట సర్వసాధారణము. నెల కాచుకొన్నవానికి ఫలము తియ్యగా తోచుటయు మనుష్యస్వభావము. ఆహారపరిశ్రమలో ఇట్టి సంశయములను తీర్చుటకు మూడు పాత్రల పరీక్ష ఒకటి కలదు: రెంటిలో ఒకే పదార్థము, మూడవదానిలో వేరొకటి, వేరైనదేదో పేర్లు తెలియకుండ గుర్తింపవలెను. ఊహించి చెప్పినను మూడింట ఒకసారి సరిపోవును గనుక, పలుమారులు చేసి, అంతకన్న ఎక్కువగా సరిపోయినప్పుడే భేదమున్నదని ఒప్పుకొందురు. కస్టర్డు ఈ పరీక్షలో నెగ్గునని నేను పందెము వేయగలను. ‘మూడవ వారముకన్న నాలుగవ వారము మిన్న’ అను సూక్ష్మములలో చాలవరకు నెగ్గవని కూడ.

ఇంతవరకు కాలము మిత్రుడు. దాని రెండవ ముఖము కస్టర్డు సీసాలోనే కనుపించును. వెన్నవాసనకు మూలమైన డయాసిటైల్ తినుటకు నిరపాయమైనదే. కాని 2000 సంవత్సరమున అమెరికాలోని మిజోరి రాష్ట్రమున జాస్పర్ అను చిన్న ఊరిలో, మైక్రోవేవు పేలాల కర్మాగారములో పనిచేసిన ఎనమండుగురి ఊపిరితిత్తులు తిరిగి బాగుపడని విధముగా చెడిపోయినవని వైద్యులు గుర్తించిరి. ఊపిరితిత్తులలోని అతిసూక్ష్మ నాళములు మచ్చకట్టి మూసికొనిపోవు వ్యాధి అది. పరిశోధన సాగినకొలది వేలు వెన్నరుచి ఆవిరివైపు చూపినది. ఈ-సిగరెట్టు మూలముననే ఆ వ్యాధి వచ్చినదని స్థిరపడలేదనియు, సిగరెట్టు పొగలో డయాసిటైల్ ఇంకను అధికమనియు న్యాయముగా చెప్పవలెను. అయినను జాగ్రత్తపడి బ్రిటనులో 2016నుండి దానిని ఈ ద్రవములలో వాడరాదనిరి. తయారుచేయువారు దానిని మాని, దానికి జ్ఞాతియైన ఎసిటోయిన్ అనుదానిని వాడసాగిరి. ఈ రెంటికిని భేదమెంత? రెండు హైడ్రోజన్ పరమాణువులు. గాలిలోని ఆక్సిజన్ ఆ రెంటిని తొలగించినచో ఎసిటోయిన్ డయాసిటైల్ అగును. 2019లో వెలువడిన ఒక పరిశోధన నిలువయున్న ద్రవములలో సరిగా ఇదియే జరుగుచున్నదనియు, క్షారగుణము గల నికొటిన్ దీనిని త్వరపరచుచున్నదనియు చూపినది. ఊరినకొలది కస్టర్డు వెన్నవెన్నగా రుచించుచున్నదని మెచ్చుకొనువాడు, తాను కొనక మానిన వస్తువునే తన అలమారలో తయారుచేసికొనుచున్నాడు.

ఎసిటాల్‌ల మాటయు అంతే. యేల్, డ్యూక్ పరిశోధకులు అచ్చటితో ఆగక, వాటిని ఆవిరిగా పీల్చినచో ఏమగునని కూడ చూచిరి. ద్రవములోని ఎసిటాల్‌లలో నూటికి ఏబది మొదలు ఎనుబది పాళ్ళు ఆవిరిలోనికి చెక్కుచెదరక పోవుననియు, శరీరమువంటి జలమాధ్యమములో అవి ముప్పదియారు గంటలకు పైగా నిలిచియుండుననియు, ఘాటును మంటను గుర్తించు నాడీగ్రాహకములను అవి కదలించుననియు తేలినది. అందులోను, మాతృకలైన ఆల్డిహైడులకు చలింపని ఒక గ్రాహకము, మిరపకాయ కారమును గుర్తించునది, ఎసిటాల్‌లకు చలించినది. ముక్కునకు మెత్తనైనది ఊపిరితిత్తికి మెత్తనిది కానక్కరలేదు. రుచిసారపు సీసాపై ఆహారయోగ్యమని వ్రాసియున్నదిగదా యని వాదించువారికి, ఆ ముద్రకు మూలమైన అమెరికా రుచిద్రవ్యోత్పాదకుల సంఘమే అది తినుటకు వర్తించునుగాని పీల్చుటకు వర్తింపదని స్పష్టముగా ప్రకటించియున్నది. కడుపునకు ఆమ్లమున్నది, కాలేయమున్నది. ఊపిరితిత్తికున్నది పలుచని తడిపొర. నూనెలో కరిగించిన రుచులను ఏమాత్రము కలుపరాదని ఇంటిలో కలుపువారందరు గట్టిగా చెప్పుటలో గొప్ప వివేకమున్నది. 2019లో అమెరికాలో గంజాయిసారపు ఆవిరిని పీల్చినవారిలో వ్యాపించిన ఊపిరితిత్తుల జబ్బునకు ముఖ్యకారణముగా తేలినది అట్టి నూనెజాతి పదార్థమే, విటమిన్-ఇ ఎసిటేటు. 2020 ఫిబ్రవరి నాటికి రెండువేల ఎనిమిదివందల మంది ఆసుపత్రుల పాలైరి, అరువది యెనమండుగురు మరణించిరి.

అంగడి సరకు ఊరబెట్టనక్కరలేదని, కొన్ననాడే పాకమునకు వచ్చియుండునని వినియోగదారులనుట వినవచ్చును. దానిలో తయారీదారు గొప్పతనమేమియు లేదు: కర్మాగారమునుండి గిడ్డంగికి, గిడ్డంగినుండి ఓడకు, ఓడనుండి దుకాణపు అరకు చేరుసరికి దానికి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచియుండును. కనుక ఒకే పేరు గల ద్రవమును తయారైన వారమున పరీక్షించిన శాలకును, ఆరు నెలలు అరలోనున్నదానిని పరీక్షించిన శాలకును ఫలితములు కలియకపోయిన, ఇద్దరిలో ఎవరును పొరబడియుండనక్కరలేదు. ఐరోపాలో ప్రతి ద్రవమునందలి వస్తువులను, వాటి పాళ్ళను విక్రయమునకు ఆరు నెలల ముందే ప్రభుత్వమునకు తెలుపవలెనను నియమము కలదు. ఆ పట్టికలో వెనిలిన్ ఉండును, పీజీ ఉండును, ఎసిటోయిన్ ఉండవచ్చును. అవి కలిపిననాటి లెక్కలు. ఆ పక్కన సీసాయొక్క వయస్సును కూడ వ్రాయుట ఇంకను ఆచారములోనికి రాలేదు.